అయిదో కిటికీ

గోపాలరేవు మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం చెయ్యాలంటే చదువు కావాలి, సిఫార్సు కావాలి, ఒకే కుర్చీలో సాయంత్రందాకా కదలకుండా కూర్చోగల ఓపిక కావాలి. చెవులు మాత్రం అక్కర్లేదు. ఈ సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు గాని, జూనియర్ అసిస్టెంటు అడపా గవర్రాజు తొమ్మిదేళ్ళుగా స్వయంగా రుజువు చేస్తూ వస్తున్నాడు.

గవర్రాజుకి చెవుడు. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఆడవాళ్ళ గొంతులు పోయాయి. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడితే తప్ప ఏ మాటా అందడం లేదు. అయినా ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? కిటికీ అవతల జనం ఏదో చెప్పుకునేవారు. గవర్రాజు అవునని గాని కాదని గాని తేలకుండా తల ఊపి, చూద్దాం, రేపు రండి అనేవాడు. అదే కిటికీలో పక్క కుర్చీలోనూ, పక్క కిటికీల్లోనూ, చెవులు శుభ్రంగా పనిచేస్తున్న నలుగురు గుమాస్తాలూ అలాగే తల ఊపి అదే మాట అనేవారు. ఇంక తేడా ఎక్కడ తెలుస్తుంది? పైగా అతను ఎదుటివాడి మాటకి అడ్డు రాడు, విసుక్కోడు. అందుకని ఆ ఆఫీసులో కాస్త మర్యాదగా వినే మనిషి గవర్రాజు ఒక్కడేనని ఊళ్ళో పేరు కూడా వచ్చింది.

ఇంట్లో మాత్రం ఈ విద్య పారలేదు. భార్య మంగతాయారు వంటింట్లోంచి ఏదడిగినా అతను సావిట్లో కూర్చుని తల ఊపేవాడు. గోడ అవతల ఊపిన తల ఎవరికి కనబడుతుంది? టీవీ పెడితే వీధి చివర కిళ్ళీకొట్టువాడు సీరియల్ మొత్తం తన కొట్లోనే వినేవాడు. ఏరియా ఆసుపత్రికి చెవుల డాక్టరమ్మ వచ్చిందట, ఒక్కసారి చూపించుకోమని మంగతాయారు ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేది. నాకు చెవుడేమిటి, ఈ కాలం మనుషులే గొణుగుతున్నారని అతను కొట్టిపారేసేవాడు. ఆవిడ స్వతహాగా మాటకారి. పొయ్యి మీద పాలు పొంగిన సంగతి కూడా కథలా చెప్పగలదు. అలాంటి మనిషి రానురాను మాటలు తగ్గించేసింది. అరిచి చెప్తే కబురు కూడా తగువులా ఉంటుంది, అందుకని ఊరుకుంది.

గవర్రాజుది మొండితనం అనుకునేరు. కాదు, భయం. ఆఫీసు వెనక మెట్ల కింద రికార్డు రూము ఉంది. ఉద్యోగికి ఏ లోపం వచ్చినా అందులోకి తోసేస్తారు. చూపు మందగించిన బిల్లు కలెక్టర్ని ఒకాయన్ని అలాగే తోశారు. ఆయన రిటైరైపోయిన సంగతి, రిటైరైన ఏడాదికి గాని ఆఫీసుకి తెలియలేదు. గవర్రాజుకి జనం కావాలి. వాళ్ళ మాటలు అందకపోయినా మొహాలు కనబడుతుండాలి. కిటికీ పోతే తాను లేనట్టేనని అతనికి గట్టి నమ్మకం. అందుకే తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

ఇంతలో రాజధాని నుంచి సర్క్యులర్ దిగింది.

పై ఆఫీసరు ఒకాయన ఏదో చలి దేశం వెళ్ళి, చెవిటివాళ్ళతో ఎలా మాట్లాడాలో అక్కడొక సదస్సులో విని, ఉప్పొంగిపోయి తిరిగొచ్చారట. ఆ పొంగు చల్లారకముందే ప్రతి మున్సిపాలిటీకీ 'శ్రవణ సౌహార్ద పాలన' అనే పథకం వచ్చిపడింది. పేరు సంగతి అలా ఉంచితే, లోపలి రూల్సు రాసింది ఎవరో చెవుడు సంగతి బాగా తెలిసిన మనిషే. వినికిడి తగ్గిన పౌరుడు వస్తే ఉద్యోగి ఎదురుగా కూర్చోవాలి. తన మొహం మీద వెలుతురు పడేలా చూసుకోవాలి. నోట్లో కిళ్ళీ ఉండకూడదు. తల పక్కకి తిప్పి మాట్లాడకూడదు. ఒకసారి ఒక్క విషయమే, అదీ మామూలు తెలుగులో చెప్పాలి. చూద్దాం, రేపు రండి, ప్రాసెస్‌లో ఉంది లాంటి పొడి మాటలు అనకూడదు. ఏ రోజు అవుతుందో, కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పిన సారాంశం పలక మీద రాసి చూపించాలి. అర్థమైందో లేదో ఎదుటివాడి చేత తిరిగి చెప్పించుకోవాలి. నాకు వినబడదని ఎవరంటే వాళ్ళని, సర్టిఫికెట్ అడక్కుండా నమ్మాలి. ఆఖర్న, చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అనే సామెతను కార్యాలయ ఆవరణలో నిషేధించడమైనదని కూడా ఉంది.

కమిషనర్ మంగిపూడి సోమసుందరం గారు స్టాఫునంతా హాల్లో నిలబెట్టి ఉపన్యసించారు. ఆయన ఎడం బుగ్గన ఎప్పుడూ కిళ్ళీ ఉంటుంది. మాట్లాడేటప్పుడు మొహం ఎప్పుడూ కిటికీ అవతల కొబ్బరిచెట్టు వైపు ఉంటుంది.

"శ్రవణ వైకల్య పీడిత పౌరుల పట్ల సమ్మిళిత, సహానుభూతి పూర్వక, ఫలితాధారిత దృక్పథంతో యావన్మంది సిబ్బందీ పునరంకితం కావలసిన చారిత్రక తరుణం ఆసన్నమైంది" అన్నారు.

గవర్రాజుకి ఒక్క అక్షరం అందలేదు. అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

పాత సామాను పడేసే అయిదో కిటికీని ఖాళీ చేసి, ట్యూబులైటు బిగించి, ఒక పలకా బలపం కొన్నారు. అందులో కూర్చోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. కిళ్ళీ మానేసి, అన్న ప్రతి మాటకీ కారణం చెప్పే ఉద్యోగం ఎవడిక్కావాలి? గవర్రాజు గారైతే ఓపికస్తుడని నలుగురు గుమాస్తాలూ ఏకగ్రీవంగా తేల్చారు. కమిషనర్ గారు కొబ్బరిచెట్టుని చూస్తూ ఏదో అడిగారు. గవర్రాజు తల ఊపాడు. ఆ విధంగా, వినబడనివాళ్ళ మాట వినే పని వినబడనివాడికే దక్కింది.

మొదటిరోజున వాసంశెట్టి నూకాలమ్మ వచ్చింది. రైసుమిల్లులో వయసంతా గడిపి, ఆ మరల హోరుకి రెండు చెవులూ ధారపోసిన మనిషి. ఆవిడ బాధ చెప్పుకోవడానికి చిన్నదే. ఆరేళ్ళ కిందట మున్సిపాలిటీవాళ్ళు వీధిదీపం స్తంభం తెచ్చి సరిగ్గా ఆవిడ గుమ్మానికి అడ్డంగా, మెట్టుకి ఆనించి పాతారు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ ఒళ్ళు నొక్కుకుని పక్కవాటుగా లోపలికి పోతున్నారు. ఇప్పుడు కోడలికి నెలలు నిండాయి. స్తంభానికీ గుమ్మానికీ మధ్య ఆ పిల్ల పట్టడం లేదు. నొప్పులొస్తే దొడ్డి గోడ దూకించాలేమోనని నూకాలమ్మ భయం.

ఆవిడ వెలుతుర్లో కూర్చుని, మిల్లులో అరిచిన అలవాటుకొద్దీ ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. గవర్రాజుకి అన్ని మాటలూ అందాయి. ఒక మనిషి చెప్పుకున్నది మొదట్నుంచి చివరిదాకా అందడం అతనికి ఎన్నేళ్ళకో ఇదే. అలవాటుగా చూద్దాం అనబోయి, రూలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. కారణం చెప్పాలి గదా. పలక పట్టుకుని ఇంజనీరింగ్ సెక్షనుకి వెళ్ళి, స్తంభం ఎందుకు తియ్యలేదో రాసిమ్మన్నాడు. నూకాలమ్మ కాగితం ఈ ఆరేళ్ళలో ఆ సెక్షన్లో ప్రతి బల్లా ఎక్కి దిగింది గాని, కారణం మాత్రం ఏ బల్ల మీదా దొరకలేదు. గవర్రాజు తిరిగొచ్చి, ఉన్నదున్నట్టు పలక మీద 'కారణం లేదు' అని రాసి చూపించాడు.

నూకాలమ్మ అయిదో తరగతి చదివింది. కూడబలుక్కుని చదివి, రూలు ప్రకారం తిరిగి చెప్పింది, మిల్లు గొంతుతో.

"కారణం లేదంటండి."

ఆ మాట హాలంతా వినబడింది. మేడ మీద కమిషనర్ గారి గదిలోకి కూడా వెళ్ళింది. రెండ్రోజుల్లో స్తంభం కదిలింది. పని జరక్కపోవడానికి కారణమంటూ ఉంటే ఎన్నేళ్ళయినా లాగొచ్చు. కారణం లేదని రాసి చూపించాక లాగడం ఎంతటి ప్రభుత్వానికైనా కష్టమే.

ఈ కబురు పొక్కడంతో గోపాలరేవులో చెవుడు ప్రబలింది.

ముందు పెన్షను ఆగిపోయిన మేష్టారొకాయనకి సోకింది. ఆయన్నుంచి హోటలు యజమానికి, ఆయన్నుంచి రెండు వీధుల వ్యాపారస్తులందరికీ అంటుకుంది. రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని వచ్చేవాళ్ళు కొందరు. వరుసలో నిలబడి సెల్‌ఫోన్లో బేరాలాడుకుంటూ, తన వంతు రాగానే ఫోను జేబులో వేసుకుని చెవి దగ్గర చెయ్యి పెట్టేవాళ్ళు కొందరు. ప్లీడరు ఒకాయన, జన్మలో ఎదుటివాడి మాట పూర్తిగా విననివాడు, ఇప్పుడు ఆ సంగతి అధికారికంగా ఒప్పుకున్నాడు. ఎవరినీ అనుమానించకూడదని సర్క్యులర్ చెప్పింది గనక గవర్రాజు అనుమానించలేదు. అందరికీ ఎదురుగా కూర్చుని, కారణం రాసి, రోజు రాసి, తిరిగి చెప్పించుకున్నాడు. మిగతా నాలుగు కిటికీల్లో ఈగలు తోలుకుందామంటే ఈగలు కూడా అయిదో దగ్గరికే పోయాయి. ఒక మధ్యాహ్నం నాలుగో కిటికీ గుమాస్తా సైతం, తన ఇంటి ప్లాను రెండేళ్ళుగా ఇదే ఆఫీసులో ఇరుక్కుపోయిందని, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి వరుసలో నిలబడ్డాడు.

గవర్రాజు వెలిగిపోయాడు. పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి పోతున్నాడు. దారిలో జనం ఆగి నమస్కారం పెడుతున్నారు. ఆఫీసులో ఆ పలక మీద అంత చక్కగా మాట్లాడతారట గదా, ఒకటి ఇంటిక్కూడా కొనండి అంది మంగతాయారు, ఎదురుగా వచ్చి నిలబడి. ఆ మాట అతనికి బాగానే అందింది. అందనట్టు ఊరుకున్నాడు.

ఒకనాడు ఏరియా ఆసుపత్రి డాక్టరు నల్లి సుగుణకుమారి గారు ఆఫీసుకి వచ్చింది. ఆవిడ దగ్గర వినికిడి పరీక్ష చేసే గది ఉంది. చెవి మిషన్లు పెట్టెల్లో అలాగే ఉన్నాయి. వచ్చేవాళ్ళే లేరు. ఇంతమంది చెవిటివాళ్ళున్న ఊళ్ళో తన గుమ్మం తొక్కినవాళ్ళు లేరేమిటా అని చూద్దామని వచ్చింది. ఆవిడ చూస్తుండగా వరండాలో టీ గ్లాసొకటి కిందపడి పగిలింది. వరుస మొత్తం ఉలిక్కిపడి అటు చూసింది. కిటికీలో కూర్చున్న మనిషి మాత్రం చూడలేదు.

సుగుణకుమారి గారు వరుసని వదిలి కిటికీ దగ్గరికి వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అడిగింది. గవర్రాజు తల ఊపి, చూద్దాం అన్నాడు. ఆవిడ చెయ్యి తీసేసింది.

"మీ పేరేంటని అడిగానండి" అంది నెమ్మదిగా. "కళ్ళకి అద్దాలు పెట్టుకుంటే ఎవరన్నా నవ్వుతారా? చెవికీ అంతే. సాయంత్రందాకా ఉంటాను, రండి."

నాకెందుకండీ అన్నాడు గవర్రాజు, చెమట తుడుచుకుంటూ. ఊళ్ళో వినబడేవాళ్ళంతా చెవుడుందని వరుసలు కడుతున్నారు. నిజంగా వినబడనివాడొకడు లోపల కూర్చుని దాచుకుంటున్నాడు. డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

నెలాఖరు నివేదికలో, ఊళ్ళో పెద్దవాళ్ళలో ముప్పాతికమంది చెవిటివాళ్ళని తేలింది. చీవాట్లు తప్పవనుకుంటూనే కమిషనర్ గారు దాన్ని రాజధానికి పంపారు. తిరుగు టపాలో అభినందనలు వచ్చాయి. బధిర పౌరులను గుర్తించడంలో గోపాలరేవు అగ్రస్థానంలో ఉందనీ, వచ్చే త్రైమాసికానికి నూరు శాతం సాధించాలనీ రాశారు. కమిషనర్ గారు శాలువా కప్పించుకుని ఫొటో దిగారు.

శాలువా మడత నలక్కముందే మొరలు మొదలయ్యాయి. జనం తమ ఇళ్ళ చుట్టూ తిరగడం మానేశారని, ఇలాగైతే రేపు తమ మొహం ఎవరికి గుర్తుంటుందని కౌన్సిలర్లు వాపోయారు. పలక మీద గురువారం అని రాస్తే గురువారం తెల్లారేసరికి జనం వచ్చి కాలవగట్టున నిలబడుతున్నారని కాంట్రాక్టర్లు మొత్తుకున్నారు. తమ దగ్గర ఉన్న కారణాలన్నీ అయిపోయాయని సెక్షన్లవాళ్ళు చేతులెత్తేశారు. కమిషనర్ గారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. అయిదో కిటికీ మూసెయ్యాలి. మూయాలంటే వచ్చేవాళ్ళంతా దొంగ చెవిటివాళ్ళని తేల్చాలి.

తేల్చడానికి ఆయనే స్వయంగా దిగివచ్చారు. చడీచప్పుడు లేకుండా వరుస వెనక నిలబడి, మామూలు గొంతుతో, మీ పనులన్నీ అయిపోయాయి, కాగితాలు తీసుకుపోండి అన్నారు.

వరుసకి వరుసే గిరుక్కున తిరిగింది. చెవుల్లో దూది పీకి పారేసి, కాగితాలేవండీ అని ఆయన మీద పడింది. దొంగల్ని పట్టుకున్నానని ఆయన సంబరపడేలోపే, ఇంతమంది సాక్షుల ఎదుట తాను అన్న మాటేమిటో ఆయనకి బోధపడింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, చొక్కా గుండీ ఒకటి వదులుకుని బయటపడ్డారు. అంత గలాటాలోనూ ఒకటి మాత్రం ఆయన కంటపడింది. వెనక్కి తిరగనివాళ్ళు ఇద్దరున్నారు. వరుసలో మొదట నిలబడ్డ నూకాలమ్మ, కిటికీ లోపల పలక మీద వంగి ఏదో రాస్తున్న గవర్రాజు.

కమిషనర్ గారు కిటికీ లోపలికి వచ్చారు. బుగ్గన కిళ్ళీ, మొహం గోడ వైపు. ఏదో చెప్పారు. గవర్రాజుకి బుగ్గ కదలడం కనిపించింది, అంతే. పక్కనున్న గుమాస్తాల మొహాలు వాడిపోయాయి. ఏదో చెడ్డ మాటేనని ఆ మొహాల్ని బట్టి తెలిసింది. ఇలాంటప్పుడు తొమ్మిదేళ్ళుగా చేసే పని ఒకటుంది, తల ఊపడం. ఊపితే దేనికి ఒప్పుకున్నట్టో తెలియదు. ఊపకపోతే దాచుకున్నది బయటపడుతుంది, రికార్డు రూము ఖాయం. గ్రిల్లు అవతల నూకాలమ్మ, పుట్టిన మనవరాలి బర్త్ సర్టిఫికెట్ కోసం వచ్చి, సగం రాసిన పలకకేసి చూస్తూ నిలబడి ఉంది. గవర్రాజు బలపం కింద పెట్టాడు.

"సార్, నాకు వినబడదండి" అన్నాడు. "తొమ్మిదేళ్ళ నుంచీ వినబడదు. సర్క్యులర్ ప్రకారం ఇటు తిరిగి, కిళ్ళీ తీసేసి చెప్పండి సార్."

దూది పెట్టుకుని వచ్చినవాళ్ళకి సిగ్గేసింది. కొందరు తలలు దించుకున్నారు. నాలుగో కిటికీ గుమాస్తా అయితే మరీను.

కమిషనర్ గారికి వేరే దారి లేకపోయింది. కిళ్ళీ ఉమ్మేసి వచ్చి, వెలుతుర్లోకి తిరిగి, పలక అందుకుని, కిటికీ మూసెయ్యడానికి కారణంగా 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' అని రాశారు. గవర్రాజు చదివి, అర్థం కాలేదండి, మామూలు తెలుగులో ఉండాలండి అన్నాడు. కమిషనర్ గారు చెరిపేశారు. బలపం పలక మీద ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆ చేతికి అలాంటి అవసరం రాలేదు. పలక బల్ల మీద పెట్టేసి మేడెక్కిపోయారు.

మేడ మీద ఆయనకి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. గవర్రాజు చెవిటివాడు గనక గదా ఈ రూల్సన్నీ! వాడికి చెవులు తెప్పించేస్తే సరి. ఆ తర్వాత ఏ గోడకేసి చూసి ఏ ఉత్తర్వు చదివినా చెల్లుతుంది. వెంటనే ఆసుపత్రికి ఫోను చేశారు. గుమాస్తాల చేత కాగితాలు తయారు చేయించి, తానే మూడుచోట్ల సంతకాలు పెట్టి, తన జీపే ఇచ్చి గవర్రాజుని పంపారు. మామూలుగా చెవి మిషను కోసం దరఖాస్తు పెట్టుకున్న మనిషికి అది మంజూరయ్యేసరికి, వీలునామా ఎవరి పేర రాయాలా అనే ఆలోచన వస్తుంది. గవర్రాజుకి మధ్యాహ్నం భోజనంలోపు మంజూరైంది.

దారిలో జీపు ఆపి మంగతాయారుని ఎక్కించుకున్నాడు. సుగుణకుమారి గారు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, రెండు చెవులకీ మిషన్లు అమర్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది. ఇది చప్పుడు మాత్రం అందిస్తుంది. చెవి మళ్ళీ అలవాటు పడడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఇది పెట్టుకున్నా ఎదుటి మనిషి ఇటు తిరిగి స్పష్టంగా చెప్పాల్సిందే, గోడకేసి గొణిగితే ఏ మిషనూ ఏమీ చెయ్యలేదు అంది. గవర్రాజు వింటూనే ఉన్నాడు గాని ధ్యాస అక్కడ లేదు. తలపైన ఫాను కిర్రుమంటోంది. తన చెప్పు నేలకి రాసుకుంటోంది. ఎక్కడో గాజులు కదిలాయి. వెనకనుంచి చిన్న గొంతుతో ఎవరో, "ఇంక ఇంటికెళ్దామా?" అన్నారు.

గవర్రాజు వెనక్కి తిరిగాడు. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరవకుండా అడిగిన మాటకి జవాబు రాబోతుందని ఆవిడ అనుకోలేదు. అతనికి దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ళూ తాను పోగొట్టుకున్నది పిట్టల కూతలు కాదని అప్పుడు తెలిసింది.

"వెళ్దాం" అన్నాడు. "దారి పొడుగునా ఏదోటి చెప్తూ ఉండు."

మర్నాడు ఆఫీసుకి బయల్దేరేటప్పుడు మాత్రం భయం పట్టుకుంది. వినబడితే కమిషనర్ గారి ఉత్తర్వు చెల్లుతుంది, కిటికీ పోతుంది. మిషన్లు తీసి జేబులో వేసుకుందామా అని గుమ్మంలో ఆగాడు. మంగతాయారు లోపల్నుంచే, తీస్తే మళ్ళీ నాతో మాట్లాడక్కర్లేదు అంది. గోడ అవతల్నుంచి అన్న మాట గోడ ఇవతల వినబడింది. అలాగే పెట్టుకుని వెళ్ళాడు.

కమిషనర్ గారు హాల్లో సిద్ధంగా ఉన్నారు. బుగ్గన కిళ్ళీ, చేతిలో ఉత్తర్వు, చూపు కొబ్బరిచెట్టు మీద. నిన్న పని జరగనివాళ్ళూ ఇవాళ కొత్తగా వచ్చినవాళ్ళూ గ్రిల్లు అవతల నిండిపోయారు. ఈసారి ఎవరి చెవుల్లోనూ దూది లేదు. ముందు వరసలో నూకాలమ్మ, చంకలో మనవరాలు.

"ప్రవర్తమాన పరిస్థితుల సమగ్ర పునఃపరిశీలన దరిమిలా, సేవా హేతుబద్ధీకరణలో అంతర్భాగముగా, ఐదవ గవాక్ష కార్యకలాపములను తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు నిష్క్రియా స్థితికి కొనిపోవుటకు ఇందుమూలముగా నిశ్చయించడమైనది" అని చదివి, కాగితం దించారు. "వినబడిందా?"

"ప్రతి అక్షరం వినబడిందండి" అన్నాడు గవర్రాజు.

కమిషనర్ గారు తృప్తిగా కాగితం మడిచారు.

"ఒక్క ముక్క అర్థం కాలేదండి."

గవర్రాజు వేళాకోళానికి అనలేదు. నిజంగానే అర్థం కాలేదు. వినబడకపోవడం వల్లే ఇన్నాళ్ళూ ఆయన మాట తెలియలేదని అనుకున్నాడు. ఇప్పుడు తేటగా వినబడినా అంతే ఉంది. కమిషనర్ గారు విసుగ్గా గుమాస్తాల వైపు తిరిగి, మీకు చెవులున్నాయి గదా, ఆ మనిషికి చెప్పి చావండి అన్నారు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి నాలుగో కిటికీ గుమాస్తా, మాకూ ఎప్పుడూ అర్థం కాదండి, మీరు చదివినప్పుడల్లా తల ఊపేస్తాం అంతే అని నసిగాడు.

గవర్రాజు అతనికేసి నోరు తెరుచుకుని చూశాడు. ఈ ఆఫీసులో ఇన్నేళ్ళూ తానొక్కడే దొంగననుకుని భయపడి చచ్చాడు.

కమిషనర్ గారికి ఒళ్ళు మండిపోయింది. కిళ్ళీ ఉమ్మేశారు. కొబ్బరిచెట్టుని వదిలేసి, వెలుతురు మొహం మీద పడేలా గ్రిల్లు వైపు తిరిగి, ఒక్కో మాటా నొక్కి నొక్కి చెప్పారు.

"ఈ కిటికీలో జనానికి అర్థమయ్యేలా చెప్తున్నారు. అర్థమైతే వాళ్ళు పని చెయ్యమంటున్నారు. మాకు చెయ్యడం ఇష్టం లేదు. అందుకని కిటికీ మూసేస్తున్నాం. ఇప్పుడు తెలిసిందా?"

అన్న తర్వాత గాని, ఏమన్నారో ఆయన చెవికే చేరలేదు. నూకాలమ్మ కళ్ళు ఆయన పెదాల మీదే ఉన్నాయి. చంకలో పిల్లని సర్దుకుని, రూలు ప్రకారం తిరిగి చెప్పింది. గొంతు మిల్లుదే గనక బజారు చివరిదాకా వెళ్ళింది.

"తెలిసిందండి. మాకర్థమైతే మీరు పని సెయ్యాలంట. సెయ్యడం మీకిష్టం లేదంట. అందుకని మూసేత్తారంట." మెచ్చుకోలుగా ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ ఆపీసులో ఇంత సక్కగా సెప్పినోరు ఇంకోరు లేరు బాబూ. గవర్రాజుగోరి పక్కన మీరూ కూకోండి, పనులు ఇంకా బేగా అవుతాయి."

మధ్యాహ్నానికల్లా ఈ మాటలు ఊరు దాటి రాజధానిదాకా పోతాయని కమిషనర్ గారికి తెలుసు. అప్పటికే ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. ఉత్తర్వు కాగితం జేబులోకి పోయింది. వెనక్కి మేడ మీదికి పోదామంటే దారికడ్డంగా గుమాస్తాలు నలుగురూ నిలబడి, మొదటిసారి అర్థమైన ఆనందంలో ఆయన్నే చూస్తున్నారు.

గవర్రాజు మర్యాదస్తుడు. లేచి, ఇంకో కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. కమిషనర్ గారు కూర్చున్నారో, కాళ్ళు పట్టు తప్పి కూలబడ్డారో చెప్పడం కష్టం. వరుసలో రెండో మనిషి అప్పటికే ఆయన మొహంలోకి చూస్తూ, మా వీధి కాలవ సంగతేనండి అని మొదలుపెట్టాడు.